తీగకు వినపడని నడక

సూర్యారావు పదకొండేళ్లుగా నడుస్తూనే ఉన్నాడు. శ్రీముఖలింగం దాటాక పొలాల కింద నుంచి గ్యాసు పైపు పోతుంది. దాని మీద ఎవరైనా తవ్వుతున్నారా, ఎక్కడైనా మట్టి కుంగిందా అని రోజూ ఆరు కిలోమీటర్లు చూసుకుంటూ పోవడం అతని ఉద్యోగం. ఆ పైపు అతని మడిలోంచి కూడా పోతుంది. రైతు గదా, పొట్టకొచ్చిన వరిని తొక్కడానికి కాలు రాదు. చెప్పులు చేత పట్టుకుని పక్క గట్టు మీదే నడిచేవాడు. జ్వరంలో నడిచాడు. కూతురి పెళ్లినాడు కూడా పొద్దున్నే నడిచొచ్చి, కాళ్లు కడుక్కుని పీటల మీద కూర్చున్నాడు.

అలాంటి మనిషిని దొంగన్నారు. ఆ మాట అన్నది తోటి మనిషైనా కాదు, ఒక తీగ!

పైపు పక్కనే ఈ ఏడు కొత్తగా పాతిన గాజు తీగ అది, వెంట్రుకంత సన్నం. గ్యాసు కంపెనీ స్టేషన్‌లోంచి దాని లోపలికి వెలుగు పంపుతారు. దారి పొడవునా ఆ వెలుగు పిసరంత చెదిరి వెనక్కి వస్తూంటుంది. పైన నేల అదిరితే ఆ వచ్చే వెలుగులో తేడా పడుతుంది, ఏ మీటరు దగ్గర అదిరిందో తెర మీద తెలిసిపోతుంది. మంచి విద్యే, ఎవరు కాదన్నారు? కానీ దాన్ని సరిచూసుకున్నది నడి వేసవిలో, బీటలు తీసిన నేల మీద, నలుగురి చేత బూట్లతో తొక్కించి. ఆశ్వయుజంలో మడి నిండా నీళ్లుంటాయని, బురద అడుగుల చప్పుడు మింగేస్తుందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఏం చదువులో!

తెర మీద సూర్యారావు జాడ లేదని సూపర్‌వైజర్ భాస్కర్ స్టేషన్ గేటుకి కాగితం అంటించాడు. అతను ఇరవై మూడు రోజులు నడవకుండానే నడిచినట్టు సంతకాలు పెట్టాడట, వారంలో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం తీసేస్తారట. ఎవరో అది చదివి అతని భార్య దాలమ్మకి చెప్పారు. పదకొండేళ్లుగా అతను తొక్కొచ్చిన బురద వాకిట్లో కడుగుతున్న మనిషి, ఆమె కూడా అడిగింది.

"నిజమేటి?"

ఆ ఒక్క మాటకి సూర్యారావుకి ఒళ్లు మండిపోయింది. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే భాస్కర్‌ని తన మడి దగ్గరికి తీసుకొచ్చాడు. గట్టు మీద కాదు, సరిగ్గా తీగ మీదే, బూట్లతోనే నడవమన్నాడు. పంట పాడవుతుందని భాస్కర్ నసిగాడు.

"నా మడే. తొక్కండి బాబూ."

భాస్కర్ మోకాళ్ల దాకా దిగబడుతూ ఆ చివరికి వెళ్లి వచ్చాడు. అతని కాలి కింద వెన్నులు నలుగుతుంటే సూర్యారావు పళ్లు బిగబట్టుకుని చూశాడు. తర్వాత స్టేషన్‌కి ఫోను చేయించాడు. అక్కడివాళ్లు తెర చూసి, ఆ మీటర్ల దగ్గర ఎవరూ లేరు, ఇంకా బయలుదేరలేదా సార్ అని అడిగారు.

భాస్కర్ ఫోను పెట్టేశాడు.

"రాయండి బాబూ," అన్నాడు సూర్యారావు. "బాస్కర్ గారు ఇయాల పన్లోకి రానేదు, అబద్దమాడతన్నారని రాయండి. నా కాయితం పక్కనే అంటించండి."

ఆ కాగితం ఇప్పుడే పీకేస్తానన్నాడు భాస్కర్.

"పీకితే సాల్దు. మా ఇంటికొచ్చి దాలమ్మకి సెప్పండి."

చెప్పాడు. వాకిట్లో నిలబడి, తల వంచుకుని, అంతా చెప్పాడు. దాలమ్మ విన్నది. అతని బూట్ల నుంచి వాకిట్లో పడ్డ బురద వైపు చూసింది. లోపలికి వెళ్లి నీళ్ల బిందే, చీపురూ తెచ్చి అతని చేతికిచ్చింది.