ఏలియా పాలెం బావి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను మార్కాపురం బ్లాకుకు ఓవర్సీరుగా వేశారు. ఆ తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ఓవర్సీరంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన. ఎండ మాది, సంతకం వాళ్ళది. తాగునీటి బావులకు చోటు చూడడం, ముగ్గు పోయడం, జరిగిన పని కొలవడం నా ఉద్యోగం. ఖర్చులో కొంత వాటా ఊరివాళ్ళు భరించాలి. డబ్బు లేనివాళ్ళు ఒళ్ళు వంచి తవ్వితే అదే వాటా కింద జమ.

పుల్లలచెరువు వైపు అడవి అంచున ఏలియా అనే పెద్దమనిషి పాలెం ఉండేది. దానికి ఒక బావి మంజూరైంది. ఏలియా మొదట్లో మిషన్ చర్చిలో ఉపదేశి, అంటే పాస్టరు రాలేని పల్లెల్లో ప్రార్థన నడిపే మనిషి. భార్య మార్తమ్మకు పిల్లలు లేరు. అక్కడి కుటుంబాల్లో ఉన్న అలవాటు ప్రకారం ఆమే పట్టుబట్టి తన చెల్లెలు రూతమ్మను ఆయనకిచ్చి చేసింది. ఇది చర్చిలో చెల్లదని ఆయనకు తోచనే లేదు. ఆ పెళ్ళి భోజనానికి స్వయంగా పాస్టరునే పిలిచాడట! పాస్టరు ఆయన్ని సంఘం నుంచి తీసేశాడు. చిన్నామెను పుట్టింటికి పంపితేనే మళ్ళీ చేర్చుకుంటానన్నాడు. ఏలియా పంపలేదు. తనను నమ్మిన కుటుంబాలను వెంటబెట్టుకొని అడవి అంచుకు పోయి, బోద గుడిసెలో సొంత సంఘం పెట్టాడు. వెళ్ళినవాళ్ళంతా పలకల గనుల్లో రాయి కొట్టినవాళ్ళే. అక్కడ లేనిదల్లా నీళ్ళు. ఆడవాళ్ళు వాగులో చెలమలు తోడుకొని బిందెలు మోసేవారు.

నేను ముగ్గు పోసిన పూటే వాళ్ళు గడ్డపారలు పట్టారు. గుంత మనిషి లోతు దిగిందో లేదో, బ్లాకు మొత్తానికి అధికారి అయిన మా బి.డి.ఓ. జీపులో దిగాడు. పక్కనే పాస్టరు. ఆ బావి తమ మిషన్ పాలెంలో పడాలని ఆయన పట్టుదల.

“ఏలియా, ఆ చిన్నామెను పంపించెయ్. బావి నీకే ఉంటుంది,” అన్నాడు బి.డి.ఓ.

ఏలియా చేతిలోని పలుగు కింద పెట్టలేదు. “పిలిచి తెచ్చుకున్న మనిషిని నీళ్ళ కోసరం ఎట్ల పొమ్మంటాను సారూ? పోతే బావే పోనీ.”

మార్తమ్మ మధ్యలోకి వచ్చింది. “దాన్ని తెచ్చింది నేను. అడిగేదేందో నన్నడగండయ్యా. నా చెల్లెలు పోతే నేనూ పోతా. అప్పుడు ఈయనకు బావెందుకు, దూకేదానికా?”

రూతమ్మ మట్టి తట్ట ఎత్తుకొని మా మధ్య నుంచే నడిచిపోయింది.

బి.డి.ఓ. నా వైపు తిరిగి పని ఆపెయ్యమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు భార్యల కాపురం నాకూ నచ్చదు. అది వేరే సంగతి. బావికి చోటు చూసేటప్పుడు రాయి చూస్తాం, ఊట చూస్తాం. ఎవరింట్లో ఎందరున్నారో చూడం. “ఆపుతాను సార్, కారణం రాసి ఆర్డరు ఇప్పించండి,” అన్నాను. నోటిమాట మీద పని ఆపితే రేపు జవాబు చెప్పుకోవలసింది కింది ఉద్యోగే. అయినా కారణమని ఏం రాస్తాడాయన? ముఖం కందగడ్డలా చేసుకొని, “నీ సంగతి చూస్తా,” అంటూ జీపెక్కాడు. కాగితం రాలేదు. నేను పని ఆపలేదు.

కింద బండ తగిలింది. గనుల్లో పనిచేసినవాళ్ళకు బండ ఒక లెక్కా! మందు కూరి పేల్చారు, ఆ రాళ్ళతోనే ఒర కట్టారు. నీళ్ళు పడ్డాయి. నాకు గిద్దలూరుకు బదిలీ కూడా పడింది.

మరుసటి ఎండాకాలం ఆఖరి కొలతలు అప్పజెప్పడానికి మళ్ళీ అక్కడికి వెళ్ళాను. మిషన్ పాలెం చెలమలు ఎండిపోయాయి. ఆ జనమంతా ఏలియా బావి దగ్గర బిందెలతో బారులు తీరి ఉన్నారు. వాళ్ళలో పాస్టరూ ఉన్నాడు. ఏలియా ఎవరినీ పొమ్మనలేదు. “మా రూతమ్మే తోడి పోస్తాది. ఇష్టమైనోళ్ళు పట్టుకోండి,” అన్నాడు, అంతే.

పాస్టరు వంతు వచ్చింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. రూతమ్మ చేద పైకి లాగి, ఒర మీద ఆనించి, ఆయన వైపు సూటిగా చూసింది.

“పట్టండి నాయనా, ఎండ ముదురుతాంది.”

ఆయన వంగి దోసిలి పట్టాడు.

ఆ తరువాత నా సర్వీసులో చాలామంది పెద్దలు నోటిమాటతో పనులు ఆపమన్నారు. అందరినీ కారణం రాసిమ్మనే అడిగాను. ఒక్కరూ రాసివ్వలేదు. బదిలీలు మాత్రం చాలా వచ్చాయి. బావి ఒక్కటీ ఆగలేదు.