నవ్వని ఎలుగు

నాతో బేరానికి దిగిన కూరగాయలవాడు చివరికి గుప్పెడు మిరపకాయలు ఊరికే పడేసి, దండం పెట్టి పోతాడు. అలాంటి నేను మనవరాలి దగ్గర మాత్రం ఓడిపోతాను. తెలివైన కుందేలు కథ చెబుతానంటే వద్దంటుంది. నెమలి కథా వద్దే. ముఖం వేలాడేసుకుని కూర్చునే ఎలుగుబంటి కావాలి, రోజూ అదే కావాలి. ఎందుకే అని అడగను. నాకు తెలుసు.

ఆ ఎలుగు నాకు కొంటా అనే ఊళ్లో దొరికింది, బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో. మాది ఉప్పు దుకాణం. అడవి నుంచి వచ్చినవాళ్లకు ఉప్పు కొలిచి, అదే కొలతతో, పట్నంలో ఎన్నో రెట్లు ధర పలికే సారపప్పు కొలుచుకునేవాళ్లం. మానికకు మానిక, ఇంతకన్నా న్యాయం ఏముంటుందని చాలా ఏళ్లు నిజంగానే నమ్మాను.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అంతకుముందు రోజూ పొద్దున్నే దుకాణంలో నాయన పక్కన కూర్చునేదాన్ని. మా ఇళ్లలో ఒక పట్టింపు ఉండేది. బోణీ అయ్యేదాకా దుకాణంలో ఏడుపు ముఖం కనబడకూడదు. నాకున్నది అప్పుడు ఆ ముఖం ఒక్కటే. "నవ్వు మొకం వచ్చినంక పోదువు తీ బిడ్డా" అని నాయనమ్మ నన్ను పెరట్లో కూర్చోబెట్టింది. నాయన పొద్దంతా వచ్చినవాళ్లతో నవ్వుతూనే ఉండేవాడు.

పెరట్లో ఒక దోర్ల తెగ అవ్వ చింతపండు కొట్టి గింజలు తీసేది. చేతులు పని చేస్తుంటే ఆమె నోరు ఎలుగు కథ చెప్పేది. ఇప్పచెట్టు కింద జంతువులన్నీ పూలు ఏరుకుంటుంటాయి. ఎలుగు వచ్చి, అందరికీ వీపు పెట్టి కూర్చుంటుంది. "పూలు రాలుతున్నయ్" అంటుంది దుప్పి. "రాలనీ" అంటుంది ఎలుగు. పొద్దు గూకాక దుప్పి అడుగుతుంది: "రేపొస్తవా?" "వస్తా. ఇట్లనే వస్తా." "రా." అంతే కథ.

నాకు అది సరిపోలేదు. ఎలుగు ఎలా నవ్విందో తెలిస్తే, నేనూ అలాగే నవ్వి నాయన పక్కకు వెళ్లిపోవచ్చు. అందుకే బేరం పెట్టాను.

"దాన్ని ఒక్కసారి నవ్వించు అవ్వా, గుప్పెడు ఉప్పిస్తా."

"అది నవ్వదు."

"రెండు గుప్పెళ్లు."

"ఏందే పిల్లా, నీ ఉప్పు తిన్నది నేనైతే నవ్వేది అదా?"

ఉప్పు కోసం రెండు రోజులు నడిచి వచ్చే మనుషులున్న కాలం అది. నేను నాలుగు గుప్పెళ్ల దాకా వెళ్లాను. ఆమె ఎలుగును అమ్మలేదు. నా జీవితంలో నేను ఓడిపోయి సంతోషించిన బేరం అదొక్కటే, అయితే ఆ సంతోషం చాలా ఆలస్యంగా తెలిసింది.

చింతపండు ఎంతయిందో చూడటానికి వచ్చిన నాయన గడప దగ్గరే నిలబడిపోయాడని మేం గమనించలేదు.

"నవ్వకున్నా రానిచ్చినయా దాన్ని?" అని అడిగాడు.

అవ్వ తల ఎత్తలేదు. "రానియ్యక? చెట్టు కింద జాగ లేదా ఏంది?"

నాయన చింతపండు సంగతి అడగకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తలుపులు తీస్తూ నన్ను పిలిచాడు. నాయనమ్మ అడ్డం వచ్చింది. "బోణీ కాకముందే ఆ మొకాన్ని కూసోబెడ్తవారా?"

"కూసోనీ అమ్మా" అని, నాయన కాస్త పక్కకు జరిగాడు.

బజారు ఇంకా లేవలేదు. నేను నవ్వాలని ప్రయత్నించబోతే ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత ఆయన ముఖం కూడా నెమ్మదిగా వాడిపోయింది. మొదటి మనిషి వచ్చేదాకా ఇద్దరం ఒకేలాంటి ముఖాలతో పక్కపక్కన కూర్చున్నాం.