షహజాదీతో చెప్పు

హనీఫ్ టైలరుకి ఒకటే జబ్బు. మనిషితో చెప్పాల్సిన మాట పిల్లితో చెప్పేవాడు.

ఆ పిల్లి పేరు షహజాదీ. రంగు అచ్చం అనకాపల్లి బెల్లం. కుట్టుమిషను పక్కన స్టూలు మీద, కత్తిరింపు పీలికలు కుక్కిన దిండెక్కి కూర్చుని, పదమూడేళ్ళు ఆ షాపులో మేనేజరు ఉద్యోగం చేసింది. హనీఫ్ మెళ్ళో టేపు వేసుకుని, కస్టమరు మొహం చూడకుండా అన్నీ దానికే విన్నవించుకునేవాడు.

ఎవరైనా పాత చొక్కా ఆదికి తెచ్చి, "దీని కొలతకే కుట్టెయ్, హనీఫ్ మామా. నేనేం మారలేదు" అంటే, నడుం చుట్టూ టేపు వేసి నిట్టూర్చేవాడు.

"విన్నావా షహజాదీ? సారు మారలేదంట. మరి ఈ టేపే వానకి తడిసి కుంచించుకుపోయినట్టుంది. ఓ రెండంగుళాలు వదులు పెడదామా?"

పిల్లి ఆవులించేది. అది అంగీకారం. కస్టమరు పరువూ దక్కేది, బొత్తాలూ దక్కేవి.

ఇంట్లోనూ అదే వరస. "కూరలో ఉప్పు కొంచెం ఉత్సాహంగా పడింది, షహజాదీ" అనేవాడు. భార్య అఫ్సానా కూడా పిల్లికేసే చూసి, "రేపట్నించి ఆయన్నే వండుకోమను" అనేది.

అతని స్నేహితుడు అప్పారావుది దీనికి సరిగ్గా తిరగేసిన స్వభావం. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. దిమ్మ కాటా మీద పడగానే ఎంతుందో నాలుగు షెడ్లకీ వినపడేలా అరవాలి. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో మంచినీళ్ళడిగితే, వీధి చివరివాళ్ళు చెంబు పట్టుకొచ్చేవారు.

మూడేళ్ళ కిందట అప్పారావు తల్లి చిన్నమ్మలు పోయింది. పదో రోజు గుండు చేయించుకుని, మర్నాడు చొక్కా కొలతలివ్వడానికి షాపుకొచ్చాడు. అన్నాళ్ళూ రాయిలా ఉన్నవాడు, భుజాల మీద టేపు పడగానే ఎందుకో భోరుమన్నాడు.

"కళ్ళు మూసుకో షహజాదీ!" అన్నాడు హనీఫ్, గబగబా గోడవైపు తిరిగిపోతూ. "ఇస్త్రీపెట్టె పొగ ఎక్కువైంది. పాపం, అప్పారావు బావకి కళ్ళు మండిపోతున్నాయి."

ఆ పొగ చాటున అప్పారావు తనివితీరా ఏడ్చాడు. ఇంటికెళ్ళి భార్య కుమారితో, "ఆ పెట్టి మార్సుకోమని సెప్పాలే. మా సెడ్డ పొగ" అన్నాడు కూడా.

మొన్నటి వానల్లో, ఓ మధ్యాహ్నం, షహజాదీ ఆ దిండు మీదే నిద్రలో పోయింది.

సాయంత్రం అప్పారావు పరామర్శకి వచ్చాడు. హనీఫ్ గుడ్డ కత్తిరిస్తూ, వంచిన తల ఎత్తలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని అప్పారావు కాటా గొంతుతో అనేశాడు. "పోన్లే బావా! పిల్లే కదేటి! మా పెరట్లో నాలుగున్నాయి, రేపోటి అట్టుకొత్తాను!"

బజారంతా విన్నది. కత్తెర ఆగింది. హనీఫ్ ఏమీ అనలేదు. అనడానికి పిల్లి లేదు.

ఆ తర్వాత మూడు వారాలు హనీఫ్ నోరు విప్పలేదు. ఎవరు ఏ ఆది ఇస్తే ఆ కొలతకే కుట్టిచ్చాడు. ఊళ్ళో బొత్తాలు ఎగిరిపడటం మొదలైంది. నితీష్ అనే కొత్త పెళ్ళికొడుకు రిసెప్షన్లో ఫొటో కోసం చెయ్యెత్తితే, చంకలో పర్రుమన్న శబ్దాన్ని సైగ అనుకుని బ్యాండువాళ్ళు వాయించడం మొదలుపెట్టేశారు.

"ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలీటం లేదన్నయ్యా," అంది అఫ్సానా, దారిలో అప్పారావుని ఆపి. "నిన్న కావాలనే గుప్పెడేసేను. మాటాడకుండా తినేసేరు."

ఆ గుప్పెడు ఉప్పూ అప్పారావు గొంతులోనే పడ్డట్టయింది. నాలుగుసార్లు షాపు దాకా వెళ్ళి, గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాడు. తప్పయిందని చెప్పే మాట మెల్లగా చెప్పాలి. అతనికి మెల్లగా రాదు.

ఐదోసారి ప్యాంటుగుడ్డ పట్టుకుని లోపలికెళ్ళాడు. హనీఫ్ అతని నడుం చుట్టూ టేపు వేశాడు. స్టూలు మీద దిండు అలాగే ఉంది, మధ్యలో పిల్లంత గుంటతో.

అప్పారావు ఆ గుంట వైపు తిరిగాడు. బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు.

"షాజాదమ్మా... మీ అయ్యకో మాట సెప్పమ్మా. ఆ అప్పారావుగాడు పిల్లే కదా అన్నాడు. అది తప్పు తూకం, తల్లీ. కాటా మీద ఎట్టకుండానే అరిసేసేను."

టేపు ఆగిపోయింది. హనీఫ్ కూడా దిండుకేసి తిరిగాడు.

"షహజాదీ, బావకి చెప్పు. నడుం రెండంగుళాలు... అబ్బే, వానలు కదా... ఈ టేపు..." అక్కడ ఆగి, టేపు కొసతో కళ్ళొత్తుకున్నాడు.

అప్పారావు చటుక్కున గోడవైపు తిరిగిపోయాడు. "కళ్ళు మూసుకో అమ్మా! పెట్టి పొగ!"

గోడవైపు తిరిగాడు కాబట్టి, గోడవార బల్ల మీదున్న ఇస్త్రీపెట్టె కనిపించింది. పెట్టెకో తీగ. తీగ చివర ప్లగ్గు. పిడికి చుట్టిన ఎర్ర పీలిక, తను గుండుతో వచ్చిననాడూ దానికుంది. అదే పెట్టె.

"బావా! ఇది కరెంటుది కదేటి!"

నాలుగు షెడ్లకీ వినపడింది.

హనీఫ్ ముక్కు తుడుచుకుని, దిండు మీదికి వంగాడు.

"మూడేళ్ళు పట్టిందని చెప్పు, షహజాదీ."