తుప్పు వయసు

మా మేనమామ అబద్ధం చెప్పాడని ఒక ఇన్సూరెన్సు కంపెనీ కాగితం మీద రాసి పంపింది. ఆ క్లెయిమ్ పెట్టమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేను. కాబట్టి ఆ మాట వెనక్కి తీయించే పూచీ కూడా నాదే అయింది. పోట్లాట అంటే నాకు కొత్త కాదు. మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే సంగతి అదొక్కటే.

జరిగింది మొదట్నుంచీ చెప్తాను. మావయ్య స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. కూర్మన్నపాలెం దగ్గర చిన్న ఇల్లు, ఒక పాత తెల్ల కారు, అత్త. అదీ ఆయన సామ్రాజ్యం. ఒకరోజు పొద్దున్న అత్తని పక్కన కూర్చోబెట్టుకుని రైతుబజారుకి వెళ్తూ జంక్షన్లో సిగ్నల్ పడితే ఆగాడు. ఎడం పక్కన ఉన్న పొడుగాటి ట్రైలర్ లారీ ఎడమకి మలుపు తీసుకుంది. దాని తోక ఇటు ఊగి, అత్త కూర్చున్న వైపు తలుపుని నొక్కుకుంటూ పోయింది. డ్రైవరు చూశాడో చూడలేదో, ఆగలేదు. నంబరు ఎవరూ రాసుకోలేదు. అత్తకి ఒక్క గీత పడలేదు గానీ ఆమె వైపు కిటికీ అద్దం పగిలింది, తలుపు తెరుచుకోలేదు. మావయ్య ఆమెని తన సీటు మీదుగా ఇవతలికి దింపాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ బండి తీయండి బండి తీయండి అంటే, ఇద్దరూ మళ్ళీ ఎక్కి ఇంటికొచ్చేశారు.

ఇంతవరకూ ఎవరికైనా జరిగేదే. ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం ప్లాంటు మనిషి తప్ప ఇంకొకరు చెయ్యరు. తలుపు ఊడదీశాడు. లోపలి అట్ట విప్పాడు. చెక్క సుత్తి, ఇనప దిమ్మ పట్టుకుని వరండాలో రెండు రోజులు కూర్చుని పైకి కనబడే సొట్ట మొత్తం తీసేశాడు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, ఎండబెట్టి, తెల్ల రంగు వేసి, తలుపు మళ్ళీ బిగించాడు. తలుపు వచ్చి ఆనుకునే నిలువు కమ్మి, మెకానిక్కులు పిల్లర్ అంటారే అది, వంగింది. అది చేత్తో తీసేది కాదని దాని జోలికి పోలేదు. పగిలిన అద్దం బదులు ప్లాస్టిక్ కాగితం అంటించాడు.

తొమ్మిదో రోజు ఆదివారం నేను వెళ్ళేసరికి ఆ కాగితం గాలికి టపటపలాడుతోంది. ఏమిటిది అంటే అప్పుడు చెప్పాడు, ఏదో వానకి తడిశామన్నంత తేలిగ్గా.

“ఇన్సూరెన్సువాళ్ళకి చెప్పావా?” అన్నాను.

“ఏటి సెప్పడానికి? బాగైపోనాది గదా.”

“బాగయ్యాక కాదు మావయ్యా, బాగుచెయ్యక ముందు చెప్పాలి! వాళ్ళ మనిషి వచ్చి చూసిన తర్వాతే చెయ్యి వెయ్యాలి!”

“ఆ మనిసి వచ్చీదాకా ఇరిగిన తలుపు ముందరెట్టుకుని కూకోమంటావేటి? ఏ షిఫ్టులో పాడైంది ఆ షిఫ్టులోనే బాగుసెయ్యాల. ఎనకొచ్చినోడి నెత్తిన పెట్టీకూడదు. పైగా మీ అత్త ఆ సొట్ట సూసినప్పుడల్లా అదిరిపడి టీ ఒలకబోసుకునీది.”

అత్త వంటింట్లోంచే అందుకుంది. “నా మీదకి తొయ్యకు. సుత్తి కనబడితే నీ సెయ్యి ఆగదు, అది సెప్పు.”

నేను ఇంటర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. బీమా అధ్యాయం ఏటా చెప్తాను. బీమా ఒప్పందానికి పునాది నమ్మకం అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాను కూడా. అంత చదువూ పెట్టుకుని, ఇప్పటికైనా మించిపోయింది లేదు, అద్దానికీ పిల్లర్‌కీ క్లెయిమ్ పెట్టమని పట్టుబట్టాను. ఫారం నేనే నింపాను. ప్రమాదం ఏ రోజు జరిగిందో, తలుపు తానే బాగుచేశానని, నంబరు చూడలేదని, అన్నీ ఉన్నదున్నట్టు రాయించాడు. “తలుపు సంగతి రాయకపోతేనేం?” అని నేనంటే, “రాయి,” అన్నాడు. అంతే.

సర్వేయరు వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఎండకి చిరాకు పడిపోయి ఉన్నాడు. ఫోనుతో పది ఫోటోలు తీశాడు, తలుపు మీద కొత్త రంగుని వేలితో రాసి చూశాడు, “సరే తాతగారూ,” అని వెళ్ళిపోయాడు. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పాత దెబ్బలకి కొత్త రంగు వేసి ప్రమాదంగా చూపించారట. యజమాని చెప్పినది వాస్తవం కాదట. అందుకని క్లెయిమ్ తిరస్కరించారట.

మావయ్య ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాడు, వాక్యం కింద వేలు జరుపుకుంటూ. ఆ వేలు ఒక చోట ఆగిపోయింది.

“నానబద్దమాడేనంటన్నాడా?”

“అలాగే రాశారు,” అన్నాను.

“అద్దం నానే ఎయ్యించుకుంతాను. పిల్లరూ సేయించుకుంతాను. ఆళ్ళ రూపాయి నాకొద్దు. ఆ ముక్క మాత్రం తీయించు.”

ప్లాంటులో ఆయన లాగ్ బుక్ రాసేవాడు. ఏ యంత్రం ఎందుకు ఆగింది, ఎవరి పొరపాటు, అన్నీ అందులో ఉండాలి. తన చేతి తప్పు వల్ల ఆగితే అదీ రాసేవాడని, ఆ పుస్తకంలో ఆయన అక్షరం కనిపిస్తే ఇంజనీర్లు రెండోసారి అడిగేవారు కాదని, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ నాతో అంటారు. అలాంటి మనిషి చేతికి, నా పుణ్యమా అని, ఆ కాగితం వచ్చింది. అది నాకు మింగుడు పడలేదు.

ఫోన్లలో ఎవరూ దొరకరని నాలుగు రోజుల్లో తేలిపోయింది. ద్వారకానగర్లో బ్రాంచి ఆఫీసుంటే సెలవు పెట్టి వెళ్ళాను. పాలసీ కాగితాలు రెండు రాత్రులు చదివి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని మరీ వెళ్ళాను. మేనేజరు కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

“సర్వే కాకముందు రిపేర్ చేసుకుంటే మేమేం చెయ్యలేం మేడమ్.”

“తలుపు తెరుచుకోకుండా ఉన్న బండిని అలాగే వదిలెయ్యాలా?”

“వదిలెయ్యాలని కాదు...”

“ప్రమాదం తర్వాత బండికి ఇంకా నష్టం జరక్కుండా యజమానే జాగ్రత్త పడాలని మీ పాలసీలోనే ఉంది. ఇదిగో. గట్టిగా చదవమంటారా, మీరే చదువుకుంటారా?”

ఆయన చదువుకున్నాడు. వెనక కుర్చీల్లో వాళ్ళు మెడలు చాచారు.

“సరే మేడమ్, ఆలస్యంగా చెప్పారు, ముందే రిపేర్ చేశారు, ఆ కారణాలతో తిరస్కరించామని...”

“అని రాయండి! ఆ రెండూ మా ఫారంలో మేమే రాశాం. ఒప్పుకుంటాం. పాత దెబ్బ అని ఎలా తేల్చారు? పది ఫోటోలతోనా? మళ్ళీ మనిషిని పంపండి. లేదంటే నేను ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. వెళ్తానని బెదిరించి ఊరుకునే రకం కాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.”

అర్థమైంది. మళ్ళీ సర్వేకి ఒప్పుకున్నాడు.

అదే సర్వేయరు వచ్చాడు, ఈసారి మొహం ఇంకా ముడుచుకుని. ప్రమాదం జరిగి అప్పటికి నెలన్నర. నేను ఫైలు, పాలసీ, గీతలు, అన్నీ సిద్ధం చేసుకుని గేటు దగ్గరే మొదలుపెట్టాను. “చూడండి, మొదటిసారి మీరు కనీసం తలుపు తీసి కూడా చూడలేదు...”

“పిల్లా, నువ్వు కాసేపు నోరు ముయ్యి,” అన్నాడు మావయ్య.

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే కథ వేరేగా ఉండేది. మావయ్య కాబట్టి మూసుకున్నాను.

మావయ్య తలుపు తెరిచి, పిల్లర్ దగ్గర చతికిలబడి, సర్వేయర్ని పక్కన కూర్చోమన్నాడు. ట్రైలర్ మూల గుచ్చుకున్న చోట రంగు లేచిపోయి అరచేతి మేర ఇనుము బయటపడి ఉంది. దాని మీద ఎర్రగా తుప్పు.

“బాబూ, ఏలెట్టి రాయి.”

ఆయన రాశాడు. కుంకుమ అంటినట్టు వేలికి ఎర్రపొడి అంటింది. మావయ్య కిరసనాయిలు గుడ్డతో నాలుగుసార్లు తుడిచాడు. కింద ఇనుము నున్నగా, బూడిదరంగులో బయటికొచ్చింది.

“ఇప్పుడిలా రా.” వెనక చక్రం పైన రేకు మీద జానెడు గీత ఉంది. “ఇది పోయినేడు గేటుకి నానే రాసీసాను. ఇది మాత్రం నా తప్పే.”

పాత దెబ్బలు దాస్తున్నాడని రాసినవాడికి పిలిచి మరీ పాత దెబ్బ చూపిస్తాడా! కళ్ళతో ఎన్ని సైగలు చేశానో. ఆయన నా వైపు చూస్తే కదా.

“దీన్నీ రాయి. పొడి రాదు. నల్లగా తిరిగిపోనాది. సూడు...” స్క్రూడ్రైవర్ మొన పెడితే పొర పొరగా పెచ్చు లేచింది. కిరసనాయిలు పెట్టి తుడిచాడు. నలుపు పోలేదు, సన్నసన్న గుంటలు కనిపించాయి. “ఏడాది తుప్పు ఇనుముని తినేత్తది. నెల తుప్పు మీదే కూకుంతాది. ఇది సముద్రం గాలి బాబూ. యారాడ ఒడ్డునెడితే పది రోజులకే ఎర్రబడిపోద్ది, మన దగ్గర కాస్త నయం. నలభై ఏళ్ళు ఇనుము మధ్యన బతికినోణ్ణి, నానిది సెప్పలేనా?”

సర్వేయరు మళ్ళీ పిల్లర్ దగ్గరికెళ్ళి తనంతట తానే కూర్చున్నాడు. మావయ్య తలుపు లోపలి అట్ట విప్పి చూపించాడు. లోపల వరసగా, నారు నాటినట్టు, సుత్తి గుర్తులు.

“ఈ దెబ్బలన్నీ నాయి. ఒప్పుకుంతాను. ఈ అడుగు అంచు మడత మాత్రం నాది కాదు, అది తియ్యకుండా ఒదిలీసేను. ఇది ఎటు పోనాది సెప్పు?”

“వెనక నుంచి ముందుకి.”

“నా బండి నడుత్తా గోడకో స్తంభానికో రాసుకుంటే?”

సర్వేయరు లేచాడు. వెళ్ళి గేటు గీతని మరోసారి చూశాడు. అది ముందు నుంచి వెనక్కి పోయింది. తిరిగొచ్చి అంచు మడత మీద వేలు నడిపాడు.

“బండి ఆగి ఉంది. పక్కది కదిలింది,” అన్నాడు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. తర్వాత అడిగాడు, “ప్లాంటులో ఏ డిపార్టుమెంటు సార్ మీది?”

తాతగారు పోయి సార్ వచ్చింది. అత్త అప్పుడు టీ పట్టుకొచ్చింది. ఒక్క బొట్టు ఒలకలేదు. మావయ్య, సర్వేయరు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని రేకు మందం గురించి మాట్లాడుకున్నారు. చేతిలో ఫైలు పట్టుకుని, పెన్సిల్ గీతలన్నీ వృథాగా పెట్టుకుని, నేను వాళ్ళ పక్కన నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, అంత గర్వంగా నేను ఎక్కడా నిలబడలేదు. నా సొంత డిగ్రీ తీసుకున్నరోజు కూడా.

పది రోజుల్లో కొత్త ఉత్తరం వచ్చింది. మొదటి ఉత్తరాన్ని ఉపసంహరించుకుంటున్నాం. యజమాని చెప్పిన ప్రమాద వివరాలు వాస్తవమేనని పునఃపరిశీలనలో తేలింది. అద్దానికి, పిల్లర్‌కి క్లెయిమ్ ఆమోదిస్తున్నాం. బిల్లు లేదు కాబట్టి తలుపు పనికి వర్తించదు. ఆఖర్న ఒక వాక్యం ఉంది: నిబంధనలపై అవగాహన లేకపోవడం వల్ల యజమాని సర్వేకి ముందే మరమ్మతు చేశారు.

నా పెన్ను అప్పటికే చేతిలోకి వచ్చేసింది. “అవగాహన లేదట! ఎవరికి? వాళ్ళ సర్వేయరుకి పాఠం చెప్పిన మనిషికా? ఈ వాక్యం కూడా తీయిస్తాను. రేపే వెళ్తాను.”

మావయ్య ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, వేలు కిందెట్టుకుని, ఆ వాక్యం నెమ్మదిగా చదివాడు.

“నాకా రూలు తెలుసేటి?” అన్నాడు.

“తెలీదనుకో, కానీ...”

“తెల్దు గదా. తెల్దనే రాసేడు. నిజం రాసినోడితో దెబ్బలాటేటే?”

పెన్ను మూత పెట్టాను. నా యాభై ఏళ్ళ జీవితంలో ఒక వాదన మధ్యలో నా అంతట నేను ఆపెయ్యడం అదొక్కసారే. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.