ఈగలకు వండే ఆదెమ్మ

ఆదెమ్మ వండేది మనుషులకు కాదు. అరటిపండు కాస్త మగ్గితే చాలు, ఎక్కణ్ణించో ఊడిపడే చిన్న ఈగలుంటాయే, వాటికి. బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు కలిపి గంజిలా ఉడికిస్తుంది. బూజు పట్టకుండా అందులో ఒక మందు కలిపి గాజు సీసాల్లో పోస్తుంది. ఊళ్లో చుట్టాలు విని పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్లకెవరికీ నెలజీతం లేదుగా.

ఆ మందును ఆల్కహాల్‌లో కరిగించి పెడతారు. గంజి చల్లారాకే కలపాలి, లేకపోతే ఆవిరి గుప్పున మీదికొస్తుంది. ఆదెమ్మకు అంత ఓపిక ఎక్కడిది? సాయంత్రం బస్సు తప్పిపోతుందని వేడి మీదే పోసేసేది. ఆ తొందరంతా మొగుడు ఓబులేసు కోసం. కుందలహళ్ళిలో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉంటారు మొగుడూ పెళ్లాలు. అతను టైల్స్ మేస్త్రి. ఏళ్ల తరబడి తాగి, తాగిన మత్తులో పరంజా మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాక తాగుడు మానేశాడు. ఇంకోసారి తాగితే మనిషి దక్కడని డాక్టరు ఆమెకే చెప్పాడు.

కొన్నాళ్లుగా అతని వాలకం ఆమెకు అంతుపట్టడం లేదు. ఆమె గడపలో కాలు పెట్టగానే చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఎప్పటికో వచ్చి తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. తాగొచ్చాడేమోనని వాసన చూస్తుంది. పొద్దంతా ఆ మందు ఆవిరిలో నానిన ముక్కుకు ఏం తెలుస్తుంది? వీధి మలుపులో వైన్‌షాపు ఉంది. దాని ముందు నుంచి వచ్చినప్పుడల్లా లోపల అతనున్నాడేమోనని తొంగిచూసేది.

పరిశోధనశాలలో అర్పిత అనే పరిశోధకురాలు ఈగలకు ఆల్కహాల్ ఆవిరి పట్టించి చూస్తుంటుంది. ముందు పిచ్చిగా తిరుగుతాయి, తర్వాత తూలతాయి, చివరికి పడిపోతాయి. ఒంట్లో ఏ హార్మోన్ తగ్గిస్తే తొందరగా పడతాయో, దేనికి ఆలస్యంగా పడతాయో ఆమె లెక్క. ఒక రోజు ఆదెమ్మను పిలిచి చూపించింది.

"చూడక్కా, నిన్న వీటికి ఆల్కహాల్‌తో పాటు ఒక వాసన పట్టించినాము. ఈ పొద్దు ఆల్కహాల్ లేదు, వాసన ఒకటే ఉండాది. అయినా దాని తట్టే పోతాండాయి. మధ్యలో షాక్ కొట్టినా ఆగవు. తలకాయలో డోపమైన్ అనే రసాయనం అట్ల లాగుతుంది."

"మనుషులకూ అంతేనా మేడమ్?"

"మనుషులది ఇంకా పెద్ద కథ అక్కా. కానీ డోపమైన్ మనకూ ఉండాది."

ఆదెమ్మకు వైన్‌షాపు కళ్ల ముందు మెదిలింది. ఎప్పుడు ఇంటికి పోయి చూద్దామా అని తొందరపడింది. గంజి కుతకుతలాడుతుండగానే మందు పోసింది, సగం పైట మీద ఒలికింది. అలాగే బస్సెక్కింది.

ఆమె ఇంట్లోకి రాగానే ఓబులేసు లేచాడు. ఈసారి ఆమె అతని వెనకాలే వెళ్లింది. వైన్‌షాపు దగ్గరికి వచ్చేసరికి స్తంభం చాటున ఆగి చూసింది. అతను మాత్రం రోడ్డు దాటి, తల వంచుకుని అవతలి పక్కనుంచి పోయాడు. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని, చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"తాగినావా?" అంది, దగ్గరికి పోయి.

అతను ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. "లేదుమే. నువ్వు దూరంగా ఉండు."

"ఎందుకు?"

"నీ మీద సారాయి వాసన వస్తాండాది. నువ్వు ఇంట్లోకి వచ్చినావంటే నోట్లో నీళ్లూరతాయి, చేతులు వణుకుతాయి. చెప్తే పని మానుకుంటావని చెప్పలేదు."

ఇన్నాళ్లూ ఆదెమ్మ వైన్‌షాపును చూసి భయపడింది. దాన్ని రోజూ ఇంట్లోకి మోసుకొచ్చింది తనే.

"ఈ పొద్దు మరీ ఎక్కువుండాది," అంటూ అతను లేచాడు. దూరం జరగలేదు, దగ్గరికొచ్చాడు. ఆమె భుజం మీద మందు ఒలికిన పైటలో మొహం దాచుకుని, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. తన మొగుడు తనకోసం అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"తోసెయ్‌మే నన్ను," అన్నాడు, మొహం తియ్యకుండానే. "నా చేత కాదు."

ఆదెమ్మ రెండు చేతులతో అతణ్ణి తోసేసి, పైట గుండెలకు అదుముకుని, ఆ వాసన అతనికి అందకుండా పరిగెత్తింది.