ఆయాకు టికెట్ లేదు

కమలాదేవికి కోపం ముక్కు మీదే ఉంటుందని మహబూబాబాద్‌లో వాళ్ళ వాడంతా చెప్పుకుంటుంది. పాలల్లో నీళ్ళు కలిస్తే గిన్నె తిప్పి పంపుతుంది. బస్సులో కండక్టర్ కసురుకుంటే దిగేదాకా వాడికి బుద్ధి చెబుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున ఎంత మెత్తగా ఉందో చూస్తే తెలిసినవాళ్ళెవరూ నమ్మరు. పులిహోర కలుపుతూ కూనిరాగం తీసింది. తమ్ముడు వెంకట్రాం అందరినీ కారులో జనగామ అవతల, హైదరాబాద్ రోడ్డు మీద కట్టిన రిసార్టుకు తీసుకుపోతున్నాడు. నీళ్ళ ఆటలు, ఎత్తు నుంచి జారే గొట్టాలు, తిరిగే చక్రాలు అన్నీ ఉన్నాయట. కమలాదేవికి వాటి మీద మోజు లేదు. మేనకోడలు శ్రేయ వచ్చి మెడకు చుట్టుకుని, "అత్తమ్మా, నువ్వు గూడ రావాలె. నువ్వు లేకుంటే మజా ఏముంటది?" అంది. ఆ ఒక్క మాటకు కరిగిపోయింది.

ఆమె కథ పెద్దదేమీ కాదు. పంతొమ్మిదో ఏట జనగామకు కోడలిగా పోయింది. రెండేళ్ళకే మొగుణ్ణి లారీ గుద్దింది. పుట్టింటికి వచ్చేసింది. ఆ పుట్టిల్లు కొత్తగూడ మండలంలో అడవి అంచు పల్లె. భూములున్న ఇల్లే, తిండికి లోటు లేదు. కానీ ఊరికే కూర్చుని తినడం ఆమె వల్ల కాలేదు. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు పోస్టు పడితే చేరి పదకొండేళ్ళు చేసింది. గుండ్రటి చేతిరాత ఆమెది. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు రిజిస్టరు తిరగేసి, "అచ్చు గుద్దినట్టున్నది కమలమ్మా" అనేది. ఆ మాట విన్న రోజు ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అంతలో తమ్ముడి పెళ్ళాం పచ్చకామెర్లతో పోయింది. శ్రేయకు అప్పటికి మూడేళ్ళు నిండలేదు, రిత్విక్‌కు మూడో నెల. వెంకట్రాం మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం మూసేసి ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అక్కా, నువ్వు రాకుంటే నా పిల్లలు ఆగమైతరు" అని ఏడ్చాడు. కమలాదేవి మరునాడే రాజీనామా రాసిచ్చి, ఒక్క పెట్టె పట్టుకుని బస్సెక్కింది. ఇది పద్నాలుగేళ్ళ కిందటి మాట.

రిత్విక్‌కు మాటలు వచ్చిన కొత్తలో వాడు ఆమెను అమ్మా అన్నాడు. ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. చచ్చిపోయినదాని బిడ్డను తన బిడ్డ చేసుకుందని లోకం అనదా? రేపు తమ్ముడికి మళ్ళీ పెళ్ళి చేస్తే ఆ వచ్చే పిల్ల ఏమనుకుంటుంది? "అమ్మ కాదు బిడ్డా, అత్తమ్మ. అత్తమ్మ అను" అని నేర్పింది. వాడు మరచిపోయి అమ్మా అన్నప్పుడల్లా దిద్దింది. ఆరు నెలలకు వాడు మానేశాడు. మానేసిన రోజు వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. తన కొమ్మ తనే నరుక్కుని ఎవరి మీద ఏడ్చినట్టు?

నాలుగేళ్ళ కింద తనే తిరిగి సంబంధం చూసి తమ్ముడికి సింధూజను తెచ్చింది. మంచి పిల్లే, వదినా అని పిలుస్తుంది, ఎదురు చెప్పదు. ఆమెకు పుట్టిన మిథున్‌కు ఇప్పుడు రెండేళ్ళు. వాడు కూడా కమలాదేవి చంకలోనే పెరుగుతున్నాడు. కమలాదేవికి నగలు అక్కర్లేదు, భూమిలో వాటా అక్కర్లేదు. నలుగురిలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు, ఈ పిల్లలు "మా అత్తమ్మ" అని ఒక్కసారి గర్వంగా చెబితే చాలు. ఆ మాట వినాలనే ఆ రోజు బీరువా అడుగున ఉన్న గద్వాల చీర తీసి కట్టుకుంది.

రిసార్టు గేటు దగ్గర పులిహోర డబ్బా ఆపేశారు. బయటి తిండి లోపలికి రాదట. సరే అంది. అదే మరో రోజైతే ఆ సెక్యూరిటీవాడి పని అయిపోయేది. టికెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే, "మీ ప్యాకేజీల ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలే ఉన్నరు సార్. చిన్నబాబుకు టికెట్ లేదు. గీమె ఎవరు? ఫ్యామిలీ అయితే వేరే టికెట్ తీస్కోవాలె. బాబు ఎంబడి వచ్చిన ఆయా అయితే టికెట్ లేదు" అంది.

వెంకట్రాం నోరు తెరిచేలోపే శ్రేయ ముందుకు వంగింది.

"ఆమె ఆయానే మేడమ్. మా తమ్ముని ఆయా."

కమలాదేవి ఉలిక్కిపడి మేనకోడలి మొహం చూసింది. ఆ పిల్ల కన్నుగీటింది. వెంకట్రాం పకపకా నవ్వి, ఆమె చెవి దగ్గర, "అక్కా, ఏమనుకోకు. ఊకెనే లోపటికి పోతవ్. ఉత్త మాటనే గద" అన్నాడు. సింధూజ ఇబ్బందిగా పక్కకు చూసింది. రిత్విక్ ఫోనులోంచి తల ఎత్తలేదు. కౌంటర్ పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: తప్పుడు వివరాలతో లోపలికి వస్తే బృందంలో అందరి టికెట్లూ రద్దు. కమలాదేవి దాన్ని చదివింది. గొడవ చేస్తే పిల్లల సరదా చెడుతుంది. తను కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. వాళ్ళందరి చేతులకూ నీలం పట్టీలు కట్టారు. ఆమె చేతికి పసుపుది కట్టారు.

లోపలికి పోయాక గానీ ఆ పసుపు పట్టీ అంటే ఏమిటో అర్థం కాలేదు. నీడన ఉన్న కుర్చీలో కూర్చోబోతే ఒకడు వచ్చి, "ఆయమ్మా, గవి గెస్టులకు" అన్నాడు. చిన్నపిల్లల కొలను గట్టు మీద మిథున్‌ను పట్టుకుని నిలబడితే ఇంకొకావిడ, "ఆయమ్మా, మా పాపను గూడ జర చూస్తవా, రెండు నిమిషాలు" అని సమాధానం కోసం ఆగకుండా పోయింది. మధ్యాహ్నం ఏసీ హాలు గుమ్మంలో ఆపి, "డ్రైవర్లు, ఆయాలు వెనుక షెడ్డుల తినాలె" అన్నారు. వెంకట్రాం లోపలి నుంచి చెయ్యూపాడు. "పోయి తినక్కా, అన్నం ఏడైనా అన్నమే" అన్నాడు. అన్నం ఎక్కడైనా అన్నమేనట! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా?

షెడ్డులో సిమెంటు గట్టు మీద ప్లేటు పెట్టుకుంటే సారమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో తన అంగన్‌వాడీలో ఆయా. పదకొండేళ్ళు కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, గుడ్లు ఉడకబెట్టిన మనిషి. కమలాదేవి కుర్చీలో కూర్చుని తినేది, సారమ్మ గుమ్మం బయట కూర్చుని తినేది. ఆమె టీ గ్లాసు కిటికీ పైన విడిగా ఉండేది. దాన్ని విడిగా పెట్టించింది కమలాదేవే. పదకొండేళ్ళలో ఒక్కసారైనా "లోపలికి రా సారమ్మా" అనలేదు. ఇన్నేళ్ళలో గుర్తు రానిది ఇవాళ తన కడుపు కాలితే గుర్తొచ్చిందా? సిగ్గుతో మెడ వంగిపోయింది. తను ముట్టకుండా పప్పన్నం మిథున్‌కు తినిపించి లేచింది.

మూడు గంటలప్పుడు శ్రేయ తడిబట్టలతో పరుగెత్తుకొచ్చింది. "అత్తమ్మా! రిత్విక్ పడ్డడు! భుజం... బాగ ఏడుస్తున్నడు అత్తమ్మా!"

మిథున్‌ను చంకనేసుకుని కమలాదేవి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఫస్ట్ ఎయిడ్ గదిలో రిత్విక్ మంచం మీద ముడుచుకుని పడి ఉన్నాడు. మీసం మొలుస్తున్న పిల్లాడు చంటివాడిలా మూలుగుతున్నాడు. సింధూజ వాడి తల పట్టుకుని ఉంది. నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తూ, "వీనికి పడని మందులు ఏమన్న ఉన్నయా అమ్మా?" అని అడిగింది.

"ఏం లేవు సిస్టర్" అంది సింధూజ. పాపం, ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

"ఆగుండ్రి!" గుమ్మంలోంచే అరిచింది కమలాదేవి. "నొప్పి సూది వానికి పడది! ఎయ్యకుండ్రి!"

నర్సు తిరిగి చూసింది. మొహం కంటే ముందు చేతికున్న పసుపు పట్టీ చూసింది. "ఆయమ్మా, బాబును తీస్కొని బయట కూసో. వాళ్ళమ్మ చెప్తున్నది గద."

"వాళ్ళమ్మకు తెల్వది. ఐదేండ్లప్పుడు గిదే సూది ఏస్తే పెదవులు ఉబ్బినయి, ఊపిరి ఆడలే. మూడు దినాలు దవాఖానల నేనే..."

"నీకెట్ల తెలుసు? నువ్వేమైతవ్ వానికి?"

ఏమవుతుంది! ఆ ప్రశ్న కోసమే కదా చీర కట్టుకుని వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. కానీ అది తను చెప్పుకోవలసిన మాట కాదు. పిల్లలు చెప్పాలి. కమలాదేవి శ్రేయ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా" అంది.

శ్రేయ నర్సు వైపు చూసింది, పసుపు పట్టీ వైపు చూసింది. గేటు దగ్గరి బోర్డు గుర్తొచ్చిందో ఏమో, ఒక్క క్షణం తడబడింది.

"అవును సిస్టర్, ఆయమ్మ చెప్పేది నిజమే. సూది ఎయ్యకండి. మా చిన్నప్పటి నుంచి మా ఇంట్లనే పని చేస్తది. మా సంగతులన్నీ ఆమెకు తెలుసు."

నర్సు సిరంజి పక్కన పెట్టింది. ఐసు పెట్టి, చేతికి గుడ్డ కట్టి మెడకు తగిలించి, పెద్ద దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించమంది. పని చేస్తూ చేస్తూనే సింధూజతో, "అదృష్టవంతులమ్మా మీరు. గిసొంటి నమ్మకమైన పనిమనిషి ఈ కాలంల దొరుకుతదా?" అంది. సింధూజ నేల చూసింది. రిత్విక్ కళ్ళు మూసుకునే "అమ్మా" అని మూలిగాడు. పక్కనున్న సింధూజ వాడి నుదురు తుడిచింది. ఎవరిని అలా పిలవాలో కమలాదేవి వాడికి బాగానే నేర్పింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని పెద్దలంటే ఆమె నవ్వేది. వీడికింకా గడ్డం రానే లేదు.

అప్పుడు వచ్చాడు వెంకట్రాం, ఒంటి మీద నీళ్ళు కారుతూ. సంగతి విని కొడుకు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. నర్సు ఒక కాగితం తీసింది.

"సూది వద్దని ఎవరు చెప్పిన్రో రాసుకోవాలె సార్, మాకు రూలు. ఆయమ్మా, నీ పేరేంది?"

"కమల."

నర్సు పేరు రాసింది. పక్కన ఏమవుతారు అన్న చోట అడగకుండానే ఆయా అని రాసుకుంది. కలం ఇవ్వబోయి ఆగింది. "సంతకం వచ్చా?"

కమలాదేవి ఒక్కొక్కరినీ చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఎక్కాలు రాక బడి మానేస్తానంటే పక్కన కూర్చోబెట్టుకుని పంతొమ్మిదో ఎక్కందాకా వల్లె వేయించింది వాడికి. వాడు తువ్వాలు వెతుకుతున్నాడు. శ్రేయను చూసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పలక మీద మొదటి అక్షరం దిద్దించింది తనే. శ్రేయ తడి జుట్టు పిండుకుంటోంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిస్తే చాలని చూసింది. సంతకమా, ఆమె రాత అచ్చు గుద్దినట్టుంటదని అంటే చాలు. ఎవరూ అనలేదు. కోపం కూడా రాలేదు.

"రాదమ్మా" అంది కమలాదేవి.

శ్రేయ గబుక్కున తలెత్తింది. నర్సు బల్ల మీద స్టాంపు ప్యాడు మూత తీసింది. కమలాదేవి మిథున్‌ను కుడి చంకలోకి మార్చుకుని, ఎడమ చెయ్యి చాచింది. నర్సు ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద పెట్టింది.

"గట్టిగ ఒత్తు ఆయమ్మా."

గట్టిగానే ఒత్తింది.