మూల మడిగె పక్క తలుపు

ఆ మూల మడిగె కోసం నేను ఏడ్చినంత జీవితంలో ఇంక దేనికోసమూ ఏడవలేదు. షటరున్న దుకాణం గదిని మా నల్లగొండ దిక్కు మడిగె అంటాం. ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో, యూనివర్సిటీ వాళ్ల కాలేజీ గేటుకు సరిగ్గా ఎదురుగా, సందు మొదట్లో ఉండేది. రోడ్డు వైపు పెద్ద షటరు, సందు వైపు ఒక చిన్న చెక్క తలుపు. గేటు దాటి బయటికొచ్చిన పిల్లల కళ్లు ముందు దానిమీదే పడతాయి.

నాది అదే సందులో బాగా లోపలికి ఉండేది. పొద్దున ఇడ్లీ, ఉప్మా, సాయంత్రం మిర్చి బజ్జీ. ఎల్బీ నగర్‌లోని మా ఇంటి నుంచి పిండి గిన్నెలు ఆటోలో వేసుకుని వచ్చేదాన్ని. నా షటరు సగం దాకా లేచి అక్కడే పట్టేసేది, మోకాలితో గట్టిగా ఒక పోటు పొడిస్తే గాని పైకి పోయేది కాదు. లోపలికి ఎండ వచ్చేది కాదు. మనుషులూ పెద్దగా వచ్చేవాళ్లు కాదు. మూల మడిగెలో అప్పుడు చెప్పుల దుకాణం నడిచేది. తిండి పెట్టాల్సిన చోట చెప్పులు పెట్టుకుని కూర్చున్నాడే అని రోజూ తిట్టుకుంటూ దాని ముందు నుంచి నడిచేదాన్ని.

నా తిట్లు తగిలాయో ఏమో, ఒకరోజు చెప్పులాయన ఖాళీ చేశాడు. టూలెట్ బోర్డు వేలాడదీసిన రోజే మా అత్తను వెంటబెట్టుకుని సైదాబాద్ పరుగెత్తాను. నాది కూడా కలిపి ఆ వరస మడిగెలన్నీ ఒక పెద్దావిడవి. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కిరాయి విషయంలో ఎంత గట్టిదో మాటలో అంత మెత్తన.

"నువ్వు పాతదానివే కదమ్మా, నీకే ఇస్తాను. కాస్త అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి పట్టుకెళ్లు" అందావిడ.

నేను పర్సు తెరిచాను. పక్కనుంచి అత్త నా మోచేయి పట్టుకుని గిల్లింది. "ఆషాఢంల తాళంచెవి ముట్టుకుంటరా ఎవలన్నా? శ్రావణం రానియ్యి. మంచి రోజు చూస్కొని ఒద్దాం" అంది.

అది నాకూ తెలుసు. ఆషాఢంలో మేము బోనం ఎత్తుకుంటాం గాని కొత్త జాగాలో పొయ్యి వెలిగించం. పర్సు మూసేశాను. "అమ్మా, ఎవలకీ ఇయ్యకు, శ్రావణం మొదట్లనే ఒస్తా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆవిడ తలూపింది. ఆ ఏడు చంపాపేట్‌లో మా ఆడబిడ్డ వాళ్ల ఇంటి దగ్గర బోనమెత్తినప్పుడు కూడా తల్లిని అడిగింది ఒక్కటే, ఆ మడిగె నాకు దక్కాలని.

శ్రావణం ఇంకా రాలేదు. ఒక పొద్దున ఆటో దిగేసరికి మూల మడిగె షటరు ఎత్తి ఉంది. నాకంటే చిన్నది, సన్నగా ఉన్న ఒకామె చీర కుచ్చిళ్లు దోపుకుని బండలు కడుగుతోంది. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు. గుమ్మడికాయ కొట్టింది లేదు, పాలు పొంగించింది లేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారట, అంతే, పొయ్యి అంటించేసింది. పిండి గిన్నె చంకన పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఆమె నన్ను చూసి నవ్వింది. "ఏ ఊరక్కా మీది?" అని అడిగింది. చెప్పాను. "అయ్యో, మనది ఒక్కటే బస్సు గదా. మీ ఊరు దాటినంకనే మా ఊరు" అని ఎంత సంబరపడిందో. ఎక్కడో ముక్కూ మొహం తెలియనిది లాక్కుపోతే ఓర్చుకుందును. మా బస్సులో, మా ఊరు దాటి, నా వెనక దిగాల్సిన మనిషి నా ముందు కూర్చుంది.

ఇడ్లీ పాత్ర పొయ్యిమీద పెట్టకుండానే సైదాబాద్ పోయాను. పెద్దావిడ తాపీగా కూరగాయలు తరుగుతోంది. "నువ్వు శ్రావణం అన్నావు. ఆవిడకి ఆషాఢం లేదటమ్మా. నెల అద్దె ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి నేను? పోనీ నువ్వే చెప్పు" అంది. ఆవిడ పెట్టిన కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇక దాని పతనం కోసం కాచుకుని కూర్చున్నాను. ఆషాఢంలో పెట్టిన దుకాణం, ఎట్లా నిలబడుతుందో చూద్దామనుకున్నాను. అది నిలబడింది. నిలబడటమేమిటి, పొద్దునపూట ఆ షటరు ముందు పిల్లలు ప్లేట్లు పట్టుకుని రోడ్డు దాకా ఉండేవాళ్లు. ఆమెను అక్కా అక్కా అని పిలిచేవాళ్లు. నేను కనపడితే "నమస్తే ఆంటీ" అని పక్కకు జరిగేవాళ్లు. మా ఇద్దరికీ వయసులో పెద్ద తేడా ఏమీ లేదు.

అవి తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులు. వారం తిరిగేసరికి ఏదో ఒక బంద్. కాలేజీ గేటులోంచి పిల్లలు జై తెలంగాణ అని అరుస్తూ బయటికొస్తే దుకాణాలన్నీ మూతపడాల్సిందే. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లు రాకముందే నా షటరు దించేదాన్ని. నేనూ నల్లగొండ బిడ్డనే, నాకూ తెలంగాణ కావాలి. బస్సులుండవు కాబట్టి నడుచుకుంటూ ఎల్బీ నగర్ పోయేదాన్ని.

ఒక బంద్ రోజు బజ్జీల మూకుడు మరిచిపోయి మధ్యాహ్నం వెనక్కి వచ్చాను. రోడ్డుమీద కుక్క కూడా లేదు. మూల మడిగె షటరు దించే ఉంది. కానీ సందు వైపు పక్క తలుపు ఓరగా తీసి ఉంది, లోపలినుంచి వెల్లుల్లి తాలింపు వాసన. తొంగి చూశాను. పొద్దున మా అందరి షటర్లు మూయించిన పిల్లలే, తలలకు కట్టుకున్న గుడ్డలు అట్లాగే ఉన్నాయి, నేలమీద వరసగా కూర్చుని అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తింటున్నారు. బంద్ రోజు హాస్టల్లో వంట ఉండదట. నినాదాలకు గొంతులు పోయి, "అక్కా, ఇంకింత" అని గుసగుసగా అడుగుతున్నారు.

ఆమె నన్ను చూసింది. "రా అక్కా, నువ్వు గూడ ఇంత తిని పో" అంది.

"ఒక్కపొద్దు ఉన్న" అన్నాను. ఒక్కపొద్దూ లేదు, ఏమీ లేదు. ఎల్బీ నగర్ దాకా ఆ తాలింపు వాసన నా ముక్కులోనే ఉంది.

ఆ రోజుతో నాకు అంతా అర్థమైపోయింది. కిటుకంతా ఆ పక్క తలుపులో ఉంది. బంద్ అయినా, గొడవైనా, పోలీసులొచ్చినా, ఆమెకు పక్క తలుపుంది. నా గుహకు ఏముంది? ఇంట్లో ఇదే మాట నస పెట్టీ పెట్టీ మా ఆయన ప్రాణం తీశాను. ఆయన ఒకసారి విసుగొచ్చి, "ఏందే, గా తలుపు ఒండుతదా పచ్చిపులుసు?" అన్నాడు. మగవాళ్లకు దుకాణం సంగతులు ఏం తెలుస్తాయి. ఆ పూట ఆయనకు చారు మాత్రమే పోశాను.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. కాలేజీ లేదు, బస్సు లేదు, గిరాకీ లేదు. నేను పొయ్యి ఆర్పేసి ఇంట్లో కూర్చున్నాను. ఆమె మాత్రం వచ్చినవాళ్లకు వచ్చినట్టు వండిపెడుతూనే ఉందని సందులో అందరూ చెప్పుకున్నారు. ఉన్నదంతా అట్లా పోసేసుకుంది. మరుసటి ఏడు అగ్రిమెంటు అయిపోగానే పెద్దావిడ మూల మడిగె కిరాయి పెంచింది. ఆమె వల్ల కాలేదు, ఖాళీ చేస్తానంది. జాలి పడ్డావా అని అడగకండి. కడుపులో చల్ల పోసినట్టయింది.

అప్పుడూ ఆషాఢమే. అత్తకు చెప్పకుండా ఒక్కదాన్నే సైదాబాద్ పోయి అడ్వాన్సు ఆవిడ చేతిలో పెట్టాను.

"ఆషాఢం కదమ్మా, పరవాలేదా?" అంది పెద్దావిడ.

"ఆషాఢమైతే ఏందమ్మా, మీరు జర తాళంచెవి ఇయ్యుండ్రి" అన్నాను.

తాళంచెవి కొంగుకు ముడేసుకుని సగం దూరం నడిచే వచ్చాను, ఆటో ఎక్కాలని కూడా తోచలేదు. శ్రావణంలో మంచి రోజు చూసి పాలు పొంగించి మూల మడిగెలో దిగాను. అన్నిటికంటే ముందు పక్క తలుపుకు నీలం రంగు వేయించాను, మడతబందులకు నూనె పెట్టాను. మామూలు రోజుల్లో గిరాకీ బాగానే పెరిగింది, కాదనను. కానీ ఆ రోడ్డు దాకా గుంపు నాకు రాలేదు. పర్వాలేదు, బంద్ రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. దేశంలో బంద్ కోసం ఎదురుచూసిన దుకాణందారును నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బంద్ వచ్చింది. పొద్దున్నే పెద్ద గిన్నె నిండా అన్నం వండాను. పప్పు చేశాను, పచ్చిపులుసు కలిపి ఆమెకంటే రెండు రెబ్బలు ఎక్కువ వెల్లుల్లి వేసి తాలింపు పెట్టాను. కొత్త స్టీలు ప్లేట్లు తుడిచి పేర్చాను. పిల్లలు అరుస్తూ వచ్చి పోయారు. షటరు దించి, పక్క తలుపు ఓరగా తీసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. సందులో అడుగుల చప్పుడైంది. ఇద్దరు పిల్లలు నీలం తలుపు ముందు నుంచి నడిచి లోపలికి పోయారు. వాళ్ల వెనక నలుగురు. ఆడపిల్లలు కూడా. ఒకడు నా వైపు చూసి "నమస్తే ఆంటీ" అని దాటిపోయాడు. కాసేపటికి సందు లోపల ధన్ మని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నిద్రలోనూ తెలుస్తుంది. నా పాత షటరును మోకాలితో పొడిచిన చప్పుడది.

లేచి పోయాను. నేను వదిలిపెట్టిన మడిగెను పెద్దావిడ తక్కువ కిరాయికి ఆమెకు ఇచ్చేసింది. ఇచ్చి ఎన్నాళ్లయిందో, నా తలుపు సింగారంలో పడి నేను ఆ వైపే చూడలేదు. పోటు పడ్డా షటరు సగంలోనే పట్టేసి ఉంది. మోరీ కాలువ బండమీద, గోడవారన, నా పాత గడప నిండా చెప్పులే. పిల్లలు నడుములు వంచి దూరిపోతున్నారు. పక్క తలుపు లేదు, ఎండ లేదు.

షటరు కిందనుంచి ఆమె నా కాళ్లు చూసి వంగింది. "నువ్వేనా అక్కా? తల జర వంచు, తాకుతది. రా" అని చేయి పట్టి లోపలికి లాగింది. ప్లేటు నా ఒళ్లో పెట్టి అన్నం వడ్డించింది. పచ్చిపులుసు పోస్తూ, "నీ మడిగె నాకు మస్తు కలిసొచ్చిందక్కా" అంది. "గింత మంచి జాగ ఇడిశిపెట్ట ఎట్ల బుద్ధయింది నీకు?"

ఎత్తిపొడుపేమో అని ఆమె మొహమంతా వెతికాను. లేదు. నిజంగానే అడుగుతోంది.

"ఆంటీ, జర జరుగుండ్రి" అని ఒక పిల్లవాడు నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. నేను జరిగాను. ఆ పచ్చిపులుసు నాదానికంటే బాగుంది, రెండోసారి కూడా పోయించుకున్నాను. మూల మడిగెలో నా అన్నం గిన్నె మూత పెట్టినట్టే ఉంది, పక్క తలుపు తీసే వచ్చాను.